30 వేల రోడ్ సైకిల్‌లో డబ్బు ఎక్కడికి పోతుంది?

క్లుప్తంగా

కృష్ణా డెల్టా లాంటి చదును నేల మీద తొక్కేవాళ్ళకు ఖరీదైన గేర్ల వల్ల వచ్చే లాభం తక్కువ. వెడల్పు టైరు పట్టే ఫ్రేమ్, ఒంటికి సరిపోయే సైజు, క్యాసెట్ (జారించి బిగించే వెనక పళ్ళచక్రాల కట్ట) పట్టే వెనక హబ్, అంటే చక్రం నడిమి భాగం, వీటివల్ల వచ్చే లాభం ఎక్కువ. గేర్లు, సీటు, టైర్లు తర్వాత మార్చుకోవచ్చు. ఫ్రేమ్ మార్చడమంటే మళ్ళీ సైకిల్ కొనడమే. 25 వేల నుంచి 50 వేల మధ్య బడ్జెట్‌లో దేన్ని వదులుకోవచ్చు, దేన్ని పట్టుబట్టి అడగాలి అన్నదే ఇక్కడి చర్చ.

అయోమయం ఎక్కడ మొదలవుతుంది

తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ మీద నిలబడితే వంపు హ్యాండిల్ రోడ్ సైకిళ్ళు ఇప్పుడు మామూలుగానే కనిపిస్తాయి. కొందరు ఉండవల్లి వైపు కరకట్ట పడతారు, కొందరు అమరావతి సీడ్ యాక్సెస్ రోడ్డు దాకా వెళ్ళి వెనక్కి తిరుగుతారు. గుంటూరులో అమరావతి రోడ్డు, ఇన్నర్ రింగ్ రోడ్డు ఇలాంటివాళ్ళకు అలవాటైన దారులు. వీళ్ళను చూసి తామూ ఒకటి కొనుక్కోవాలనుకునేవాళ్ళకు 2025 సెప్టెంబర్ 22 నుంచి ఇంకో కారణం తోడైంది. ఆ రోజు నుంచి సైకిళ్ళ మీదా, వాటి విడిభాగాల మీదా జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను కలపక ముందు 40,000 రూపాయలున్న సైకిల్ అంతకు ముందు 44,800కు వచ్చేది, ఇప్పుడు 42,000కు రావాలి. మిగిలే 2,800తో ఒక హెల్మెట్, ఒక పంపు వస్తాయి. పాత స్టాకు మీద పాత ఎమ్మార్పీ స్టిక్కరే ఉంటే బిల్లులో పన్ను శాతం ఎంత వేశారో చూసుకోవడం కొనేవాళ్ళ పని.

షాపులోకి వెళ్ళాక తేలేది వేరే చిక్కు. ఒక మూల 16 వేలకు 21 గేర్ల సైకిల్ ఉంటుంది. దాని పక్కన 28 వేలకు 7 గేర్లది. ఇంకాస్త లోపల 48 వేలకు 16 గేర్లది. మూడింటికీ వంపు హ్యాండిలే, మూడింటికీ సన్నటి టైర్లే. గేర్లు ఎక్కువున్నదానికి ధర తక్కువ ఎందుకో చెప్పేవాళ్ళు అరుదు. ఆ ధరల తేడా ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే ఎంపిక చాలావరకు తేలికవుతుంది.

ధర పెంచేది లీవర్లు

రోడ్ సైకిల్‌లో గేరు మార్చే మీట, బ్రేక్ లీవర్ ఒకే భాగంలో కలిసి ఉంటాయి. హ్యాండిల్ మీద చెయ్యి తీయకుండానే రెండు పనులూ చేయడానికి ఈ ఏర్పాటు. లోపల చిన్న చిన్న పళ్ళచక్రాలు, స్ప్రింగులు ఉండే ఈ జత ఖరీదైనది. తక్కువ ధర సైకిల్ తయారుచేసేవాళ్ళు ముందు దీన్నే తప్పిస్తారు. గేరు మీటలను హ్యాండిల్ మధ్యలో, దాన్ని పట్టి ఉంచే స్టెమ్ దగ్గరో, ఫ్రేమ్ కింది గొట్టం మీదో విడిగా పెడతారు. ఏలూరు రోడ్డు లాంటి రద్దీలో గేరు మార్చాలంటే ఒక చెయ్యి బ్రేకు వదిలి రావాలి. 16 వేల సైకిల్‌కి ఆ ధర సాధ్యమవడానికి ఇది పెద్ద కారణం. హై టెన్సైల్ స్టీల్ ఫ్రేమ్ మరో కారణం. ఆ స్టీలు గట్టిదే, కానీ సైకిల్ బరువు 13, 14 కిలోలకు చేరుతుంది.

సైకిల్ గేర్లు తయారుచేసే షిమానో కంపెనీ రోడ్ గేర్ల మెట్లలో కింద నుంచి మొదటిది టూర్నీ, 7 గేర్లది (ఇక్కడ గేర్లంటే వెనక పళ్ళచక్రాల సంఖ్య). తర్వాత క్లారిస్ 8, సోరా 9, టియాగ్రా 10. టూర్నీ రోడ్ లీవర్లలో గేరు దించే మీట బొటనవేలి దగ్గర, లోపలి వైపు ఉంటుంది. చేతులు హ్యాండిల్ పై భాగంలో ఉన్నప్పుడు బాగానే అందుతుంది, కింది వంపు పట్టుకుని వంగి తొక్కేటప్పుడు అందదు. 2017లో వచ్చిన క్లారిస్ ఆర్2000 నుంచి పై మెట్లన్నిటిలో గేరు మార్చేవి పక్కకు నొక్కే బ్రేక్ లీవరు, దాని వెనకే ఉండే చిన్న మీట, ఎక్కడ పట్టుకున్నా వేలికి అందుతాయి. టూర్నీ నుంచి క్లారిస్‌కి ఎక్కితే వచ్చే అసలు మెరుగు ఇదే. క్లారిస్ నుంచి సోరాకు ఎక్కితే వచ్చేది ఒక అదనపు పళ్ళచక్రం, కాస్త మెత్తగా పడే గేరు. మొదటి మెట్టుకు పెట్టే డబ్బు తొక్కే ప్రతిరోజూ పనికొస్తుంది. రెండో మెట్టుకు పెట్టేది ఈ బడ్జెట్‌లో అంత అవసరమైనది కాదు.

మైక్రోషిఫ్ట్ అనే తైవాన్ కంపెనీ భాగాలు కూడా ఈ ధరల్లో కనిపిస్తాయి. పేరు కొత్తగా ఉందని వాటిని పక్కన పెట్టాల్సిన పనిలేదు, వాటి 8 గేర్ల లీవర్లు నమ్మకంగానే పనిచేస్తాయి.

చదును నేలకు ఎన్ని గేర్లు కావాలి

21 గేర్లంటే ముందు 3 చైన్‌వీళ్ళు, వెనక 7 పళ్ళచక్రాలు. 16 అంటే ముందు 2, వెనక 8. ఈ గుణకారంలో వచ్చే గేర్లన్నీ విడివిడివి కావు. ముందు 50 పళ్ళు, వెనక 24 పళ్ళు ఉంటే నిష్పత్తి 2.08. ముందు 34, వెనక 16 ఉంటే 2.13. రెండూ కాలికి ఒకేలా తెలుస్తాయి. అందుకే మొత్తం సంఖ్య కన్నా అన్నిటికన్నా బరువైన గేరు, అన్నిటికన్నా తేలికైన గేరు ఏవో అడగడం ఉపయోగం.

ముందు 50 పళ్ళు, వెనక 14 పళ్ళు ఉన్న 7 గేర్ల సైకిల్‌ని నిమిషానికి 90 చుట్ల చొప్పున తొక్కితే 28 మిల్లీమీటర్ల టైరుతో వేగం గంటకు సుమారు 41 కిలోమీటర్లు. వెనక 11 పళ్ళది ఉంటే అదే 52 కిలోమీటర్లు. కొత్తగా తొక్కేవాళ్ళు చదును మీద నిలకడగా పోయే వేగం 22 నుంచి 28 మధ్య ఉంటుంది. అంటే 11 పళ్ళ చక్రం ఫ్లైఓవర్ దిగేటప్పుడు తప్ప పనిలోకి రాదు.

విజయవాడ నుంచి బందరు దాకా సుమారు 70 కిలోమీటర్ల దారిలో ఎక్కుళ్ళంటే ఫ్లైఓవర్లు, కాలువల మీది వంతెనలు మాత్రమే. గుంటూరు నుంచి బాపట్ల మీదుగా సూర్యలంక వెళ్ళినా అంతే. తేలిక గేరు అవసరమయ్యేది కొండవీడు ఘాట్ రోడ్డు, కోటప్పకొండ, ఇంద్రకీలాద్రి ఘాట్ లాంటి చోట్ల. 75 కిలోల మనిషి 11 కిలోల సైకిల్ మీద 8 శాతం ఎక్కుడును గంటకు 9 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే 180 వాట్ల దాకా శక్తి కావాలి. అలవాటు లేనివాళ్ళకు అది ఎక్కువే. ముందు 34, వెనక 28 పళ్ళతో ఆ వేగం కన్నా నెమ్మదిగా వెళ్తే పెడల్ నిమిషానికి 60 చుట్లు కూడా తిరగదు, మోకాలి మీద భారం పడుతుంది. వెనక 32 పళ్ళది ఉంటే కొంత తెరిపి. చైన్‌ని ఒక పళ్ళచక్రం నుంచి ఇంకోదానికి జరిపే భాగం డిరైలర్. క్లారిస్ వెనక డిరైలర్లలో పొడవు రకం 34 పళ్ళ వరకూ పట్టగలదు. ఎప్పుడో ఒకసారి కొండవీడు ఎక్కాలన్న కోరిక ఉంటే క్యాసెట్ ఒక్కటి మార్చుకుంటే చాలు, అందుకోసం ఇప్పుడే పై మోడల్ కొనక్కరలేదు.

ఈ ప్రాంతంలో కొండ స్థానంలో ఉన్నది గాలి. గాలి ఆపే బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు ఎదురుగా 15 కిలోమీటర్ల గాలి వీస్తే, అది 40 కిలోమీటర్ల గాలిని చీల్చుకుపోవడంతో సమానం. ఆపే బలం రెండున్నర రెట్లవుతుంది. ఎండాకాలం మధ్యాహ్నాలు బందరు వైపు వెళ్ళేవాళ్ళకు సముద్రపు గాలి ఇలాగే ఎదురొస్తుంది. వంపు హ్యాండిల్ కింది భాగం పట్టుకుని వంగితే గాలికి తగిలే ఒళ్ళు తగ్గుతుంది. రోడ్ సైకిల్ ఈ నేలకు నప్పడానికి ఇదే ప్రధాన కారణం. 20 వేల సైకిల్‌కైనా, లక్ష సైకిల్‌కైనా ఆ వంపు ఒకటే.

బరువు సంగతీ ఇలాంటిదే. మనిషి, సైకిల్ కలిపి 86 కిలోలున్నప్పుడు ఒక కిలో తగ్గితే 20 నిమిషాలు పట్టే కొండ ఎక్కుడులో మిగిలేది 14 సెకన్లు. చదునులో అంత తేడా కూడా రాదు. 200 కిలోమీటర్ల బ్రెవెట్ (గడువులోగా ముగించాల్సిన దూర ప్రయాణం) పూర్తి చేయడానికి ఇచ్చే గడువు 13 గంటల 30 నిమిషాలు, ఆగే సమయం కలుపుకుని గంటకు 15 కిలోమీటర్ల లోపే. 11 కిలోల సైకిల్‌తో అది పూర్తిగా సాధ్యం.

వెనక చక్రంలో దాగిన తేడా

బయటి నుంచి చూస్తే కనపడని తేడా ఒకటుంది, షాపులో ఎవరూ చెప్పనిది కూడా ఇదే. వెనక పళ్ళచక్రాల కట్ట రెండు రకాలుగా బిగుస్తుంది. పాత పద్ధతిలో ఫ్రీవీల్ అనే కట్ట మొత్తం హబ్‌కి మరలాగా తిరిగి బిగుస్తుంది. మామూలు సైకిళ్ళకు ఉండేదీ ఇదే. రెండో పద్ధతిలో వెనక్కి తొక్కితే టికటికమనే భాగం హబ్‌లోనే ఉంటుంది. దాని మీదికి క్యాసెట్ అనే పళ్ళ కట్ట జారుతుంది.

తేడా యాక్సిల్ మీద పడే బరువులో ఉంది. ఫ్రీవీల్ హబ్‌లో కుడివైపు బేరింగు ఫ్రీవీల్‌కి లోపలి వైపు ఉంటుంది. అక్కడినుంచి ఫ్రేమ్ దాకా యాక్సిల్ ఏ ఆధారమూ లేకుండా బయటికి చాచుకుని ఉంటుంది. వెనక గేర్లు పెరిగే కొద్దీ ఆ పొడవు పెరుగుతుంది. గుంతలో పడ్డ ప్రతిసారీ యాక్సిల్ అక్కడ వంగడానికి చూస్తుంది, 80 కిలోలు దాటినవాళ్ళు తొక్కితే కొన్నాళ్ళకు వంగుతుంది, కొన్నిసార్లు విరుగుతుంది కూడా. క్యాసెట్ హబ్‌లో కుడి బేరింగు దాదాపు ఫ్రేమ్ పక్కనే ఉంటుంది కాబట్టి ఈ బాధ లేదు.

ఇంకో చిక్కు భవిష్యత్తుది. 7 గేర్ల ఫ్రీవీల్ సైకిల్‌ని తర్వాత 8కో 9కో మార్చాలంటే లీవర్లు, డిరైలర్‌తోపాటు వెనక చక్రం కూడా కొత్తది కావాలి. అదే క్యాసెట్ హబ్ అయితే ఉన్న చక్రంతోనే ఆ మార్పు జరుగుతుంది. 8, 9, 10 గేర్ల షిమానో క్యాసెట్లు ఒకే రకం హబ్‌కి పడతాయి. అందుకే 28 వేలకు, 33 వేలకు రెండు సైకిళ్ళున్నప్పుడు ఆ 5 వేలు హబ్ రకంలో ఉంటే పెట్టడం సమంజసం. రంగులోనూ స్టిక్కర్లలోనూ ఉంటే కాదు. షాపులో అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఇది ఫ్రీవీలా, క్యాసెట్టా?

స్పోకుల సంగతి కూడా ఇక్కడే. 20, 24 స్పోకుల చక్రాలు చూడ్డానికి రేసు సైకిల్‌లా ఉంటాయి. ఈ ధరలో 28, 32 స్పోకులున్నవే నయం. ఒక స్పోకు తెగినా చక్రం మరీ బెండు రాదు, పాత మెకానిక్ ఎవరైనా కూర్చుని సరిచేయగలడు.

టైరుకు చోటు

సన్నటి టైరు వేగంగా పోతుందన్న నమ్మకం నున్నటి ట్రాక్ మీద కొంతవరకు నిజం. మన రోడ్డు మీద లెక్క మారుతుంది. గట్టిగా గాలి కొట్టిన సన్నటి టైరు ప్రతి కంకర రాయికీ సైకిల్‌ని, మనిషిని పైకి ఎగరేస్తుంది. అలా ఎగరడానికి పోయిన శక్తి ముందుకు పోవడానికి పనికిరాదు. వెడల్పు టైరులో తక్కువ గాలి చాలు కాబట్టి రాయి దగ్గర టైరే నొక్కుకుని సర్దుకుంటుంది. 75 కిలోల మనిషికి 25 మిల్లీమీటర్ల టైరులో 95, 100 పీఎస్‌ఐ అవసరమైతే 32 మిల్లీమీటర్ల దానిలో 60, 65 సరిపోతుంది. గాలి తక్కువైన సన్నటి టైరు గుంత అంచుకు తగిలితే ట్యూబు రిమ్ముకూ రోడ్డుకూ మధ్య నలిగి రెండు చిల్లులు పక్కపక్కనే పడతాయి. వెడల్పు టైరులో ఈ రకం పంక్చర్ చాలా తగ్గుతుంది.

ఫ్రేమ్‌లో ఎంత వెడల్పు పడుతుందో బ్రోషర్‌లో అరుదుగా రాస్తారు. చూసుకోవడం మాత్రం కష్టం కాదు. టైరుకూ ఫ్రేమ్‌కూ మధ్య 6 మిల్లీమీటర్ల అలెన్ కీ దూర్చి చూడాలి. మూడు చోట్ల: ముందు ఫోర్కు పైభాగం కింద, బ్రేకు చేతుల కింద, పెడల్ చేతులు (క్రాంకులు) తిరిగే ఇరుసు వెనక రెండు గొట్టాలు దగ్గరయ్యే చోట. ఉన్న టైరుతోనే కీ బిగుసుకుపోతే ఆ ఫ్రేమ్‌లో ఇంతకన్నా పెద్ద టైరు పట్టదు. గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో వానాకాలం ఇది ఇంకో రకంగా తెలుస్తుంది. పొలాల దగ్గర ట్రాక్టర్లు రోడ్డు మీదికి తెచ్చిన బురద టైరుకు అంటుకుని ఆ సందులో గట్టిపడుతుంది, చక్రం తిరగడమే మానేస్తుంది. కనీసం 28, వీలైతే 32 పట్టే ఫ్రేమ్‌ని ఎంచుకోవడం ఈ ప్రాంతంలో విలాసం అనిపించుకోదు.

కాలువ గట్ల మీద ఇంకో ఇబ్బంది ముళ్ళు. సర్కారు తుమ్మ ముల్లు, పల్లేరు కాయ రెండూ సన్నటి టైరులోకి సులువుగా దిగుతాయి. లోపల పంక్చర్ నిరోధక పొర ఉన్న టైర్లు కాస్త బరువే అయినా ఇక్కడ వాటికే ఓటు.

గాలి కొట్టుకోవడం దగ్గర కూడా కొత్తవాళ్ళు ఇరుక్కుంటారు. రోడ్ సైకిల్ ట్యూబుల్లో చాలావాటికి సన్నగా, పొడుగ్గా ఉండే ప్రెస్టా వాల్వ్ ఉంటుంది. పంక్చర్ షాపుల్లో ఉండేది మోటార్ సైకిల్ వాల్వ్‌కి సరిపోయే గొట్టం, లేదా మామూలు సైకిల్ పంపు. ప్రెస్టాకు రెండూ పట్టవు. ఒక చిన్న ఇత్తడి అడాప్టర్ సీటు కింది సంచీలో ఉంటే ఏ ఊళ్ళోనైనా గాలి కొట్టించుకోవచ్చు. అది లేకపోతే పెదకాకాని దగ్గర ట్యూబులో గాలి పోయినవాళ్ళు ఆటో ఎక్కాల్సిందే.

బ్రేకులు: డిస్క్ పేరు చూసి మురిసిపోకుండా

30 వేల లోపు రోడ్ సైకిళ్ళకు వచ్చే డిస్క్ బ్రేకులు దాదాపు అన్నీ కేబుల్‌తో లాగేవి. వాటిలోనూ చాలావరకు ఒకవైపు ప్యాడ్ మాత్రమే కదులుతుంది. అది డిస్కుని పక్కకు వంచి రెండో ప్యాడ్‌కి ఆనిస్తుంది. రెండో ప్యాడ్ అరిగే కొద్దీ దాన్ని చేత్తో సర్దుకుంటూ ఉండాలి, లేకపోతే బ్రేకు మెత్తబడుతుంది, లేదా డిస్కు రుద్దుకుంటూ సిర్రుమని శబ్దం వస్తుంది. రిమ్ముని రెండువైపులా రబ్బరుతో నొక్కి పట్టేది రిమ్ బ్రేకు. దాని రెండు చేతులూ వేరువేరు ఇరుసుల మీద తిరిగే నాణ్యమైన డ్యూయల్ పివట్ రకం పొడి రోడ్డు మీద ఇలాంటి చవక డిస్కుకి ఏమీ తీసిపోదు. తేలిక, సర్దుబాటు సులువు, ప్యాడ్లు చవక.

వానలో మాత్రం డిస్కుదే పైచేయి. తడిసిన రిమ్ము మీద రబ్బరు ముందు నీళ్ళను తుడవాలి, ఆ తర్వాతే పట్టు దొరుకుతుంది. ఆ కొద్ది క్షణాల్లో సైకిల్ ముందుకు పోతూనే ఉంటుంది. ఆటోల మధ్య తొక్కేవాళ్ళకు ఈ తేడా ముఖ్యం. పైగా బురదలో ఉండే ఇసుక రిమ్ముని అరగదీస్తుంది.

డిస్క్ ఫ్రేమ్‌కి చెప్పని ప్రయోజనం ఇంకోటి ఉంది. టైరు చుట్టూ బ్రేకు చేతులు ఉండవు కాబట్టి వెడల్పు టైరుకు చోటు దొరుకుతుంది. పొట్టి చేతుల రిమ్ బ్రేకు ఉన్న సైకిల్‌లో 25, మహా అయితే 28 పడతాయి. రిమ్ బ్రేకు ఫ్రేమ్‌కి తర్వాత డిస్కు పెట్టించడం కుదరదు, దానికి కావాల్సిన బిగింపులు ఫ్రేమ్‌లో ఉండవు. కాబట్టి బ్రేకు రకాన్ని ఫ్రేమ్‌తోపాటే తేల్చుకోవాలి. ఏడాది పొడుగునా, వానాకాలం కూడా తొక్కేవాళ్ళు 40 వేలు దాటి డిస్కుకి వెళ్ళడం మంచిది. ఆదివారం ఉదయాలకు పరిమితమైతే మంచి రిమ్ బ్రేకు చాలు.

సైజు కుదరకపోతే తగ్గింపు ధర వృథా

షాపులో మిగిలిన ఒకే ఒక్క ముక్కకు 20 శాతం తగ్గింపు ఇస్తామంటే కాదనడం కష్టమే. ఆ ముక్క సరైన సైజుది కాకపోతే మెడ, నడుము, అరచేతులు ఆ 20 శాతాన్ని వసూలు చేసుకుంటాయి. సీటు ఎత్తు ఎంతైనా మార్చుకోవచ్చు. సీటు నుంచి హ్యాండిల్ దాకా ఉండే దూరం మాత్రం ఫ్రేమ్ నిర్ణయిస్తుంది. స్టెమ్ మార్చి ఒకటి రెండు సెంటీమీటర్లు తగ్గించొచ్చు, అంతకు మించి తగ్గిస్తే సైకిల్ తిప్పేటప్పుడు తూలుతుంది.

ఎవరికి వారు ఇంట్లో కొలుచుకునే లెక్క ఇది. చెప్పుల్లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, కాళ్ళ మధ్య ఒక పుస్తకాన్ని పైదాకా నొక్కి పట్టుకుని, నేల నుంచి పుస్తకం పై అంచు దాకా కొలవాలి. ఆ కొలతను 0.883తో గుణిస్తే క్రాంకులు తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పై దాకా ఉండాల్సిన ఎత్తు వస్తుంది. 80 సెంటీమీటర్లయితే 70.6. సీటుని ఆ ఎత్తులో బిగించమని అడిగి, షాపు ముందు రోడ్డు మీద పది నిమిషాలైనా తొక్కాలి. లీవర్ల మీద చేతులు పెట్టినప్పుడు మోచేతులు కొద్దిగా వంగి ఉండాలి, భుజాలు చెవుల దగ్గరకు రాకూడదు. ఆడవాళ్ళు, అయిదున్నర అడుగుల లోపు ఉన్న మగవాళ్ళు ఈ విషయంలో ఎక్కువగా నష్టపోతున్నారు. స్టాకులో ఉండేవి ఎక్కువగా మీడియం, లార్జ్ సైజులే. చిన్న సైజు తెప్పించి ఇవ్వమని అడిగి రెండు వారాలు ఆగడం తప్పుకాదు.

హ్యాండిల్ తిన్నగా ఉంటే

ఆఫీసుకు, కాలేజీకి రోజూ పది కిలోమీటర్ల లోపు తొక్కేవాళ్ళకు తిన్నటి హ్యాండిల్ ఉన్న హైబ్రిడ్ సైకిలే మేలు. దీని వెనక ధర లెక్క ఉంది. తిన్నటి హ్యాండిల్‌కి గేరు మీట, బ్రేక్ లీవర్ విడివిడిగా చవకగా దొరుకుతాయి. ఆయిల్‌తో పనిచేసే హైడ్రాలిక్ డిస్క్ కూడా ఈ రకానికి తక్కువ ధరకే వస్తుంది. వంపు హ్యాండిల్‌కి అదే బ్రేకు కావాలంటే ధర చాలా పెరుగుతుంది. అందుకే 30 వేల హైబ్రిడ్‌లో బ్రేకులు, చక్రాలు 30 వేల రోడ్ సైకిల్ కన్నా సాధారణంగా మెరుగ్గా ఉంటాయి. బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో తల ఎత్తి నాలుగువైపులా చూడటానికీ ఈ కూర్చునే తీరే అనుకూలం. గంటకు మించి ఆగకుండా తొక్కే అలవాటు ఉన్నప్పుడే వంపు హ్యాండిల్ పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది.

పాతది కొంటే

సెకండ్ హ్యాండ్ సైకిళ్ళలో మంచివి దొరుకుతాయి. ఉత్సాహంగా కొని నాలుగు నెలలు తొక్కి బాల్కనీలో పెట్టేసినవి చాలా ఉంటాయి. పరీక్ష చైన్ నుంచి మొదలుపెట్టాలి. స్కేలు తీసుకుని చైన్ మీద ఒక పిన్ను మధ్యలో సున్నా పెట్టాలి. 12 అంగుళాల దగ్గర ఇంకో పిన్ను మధ్యభాగం సరిగ్గా రావాలి. అది 1/16 అంగుళం దాటిపోతే చైన్ మార్చాలి. 1/8 దాటితే చైన్‌తోపాటు వెనక పళ్ళు కూడా పోయినట్టే, ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగాలి.

తర్వాత రిమ్ బ్రేకు సైకిలైతే రిమ్ము పక్కల మీద వేలు పెట్టి రుద్దాలి. లోపలికి గుంటపడి ఉంటే రిమ్ము అరిగిపోయింది. ముందు బ్రేకు పట్టి సైకిల్‌ని ముందుకూ వెనక్కూ ఊపితే హ్యాండిల్ కింద కటకటమంటే హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగు) వదులైంది, అది చిన్న రిపేరే. ఫ్రేమ్ అతుకుల దగ్గర వెంట్రుకంత గీత కనిపించినా ఆ సైకిల్ వద్దు. బందరు, సూర్యలంక వైపు సముద్రం దగ్గర ఎక్కువగా తిరిగిన సైకిల్‌కి బోల్టుల మీద తుప్పు, సీటు గొట్టం ఫ్రేమ్‌లో బిగుసుకుపోవడం చూసుకోవాలి. సీటుని ఒకసారి పైకీ కిందికీ జరిపి చూపించమంటే తెలిసిపోతుంది. కార్బన్ ఫ్రేమ్ పాతది ఎంత చవకగా వచ్చినా కొత్తవాళ్ళు జోలికి పోకపోవడమే క్షేమం. లోపలి దెబ్బ పైకి కనపడదు.

విడిభాగాల సంగతి

షిమానో 2023లో క్యూస్ అనే కొత్త వరసను తెచ్చింది. కింది మెట్లలోని అనేక పేర్లను ఒకే గొడుగు కిందికి తేవడం దాని ఉద్దేశం, తర్వాత దాన్ని వంపు హ్యాండిల్ సైకిళ్ళకూ విస్తరించింది. క్యూస్ డిరైలర్లు పాత క్లారిస్, సోరా లీవర్లతో కలవవు. దీన్ని చూసి ఇప్పుడు 8 గేర్ల సైకిల్ కొంటే రేపు భాగాలు దొరకవేమోనని టెన్షన్ పడేవాళ్ళున్నారు. త్వరగా అరిగేవి చైన్, క్యాసెట్, కేబుళ్ళు, ప్యాడ్లు. 8 గేర్ల చైన్, క్యాసెట్ ప్రపంచమంతా కోట్ల సైకిళ్ళలో వాడుకలో ఉన్నాయి, చవక కూడా. ఇబ్బంది వస్తే లీవరు విరిగినప్పుడు రావచ్చు. అప్పుడైనా ఇతర కంపెనీల 8 గేర్ల లీవర్లు ఉన్నాయి.

వెంటనే దొరకనిది ఇంకోటి ఉంది: డిరైలర్ హ్యాంగర్. వెనక డిరైలర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే వేలెడంత అల్యూమినియం ముక్క ఇది. సైకిల్ కుడివైపుకు పడితే ఫ్రేమ్ వంగకుండా ఇది వంగిపోవాలని కావాలనే మెత్తగా చేస్తారు. ఒక్కో మోడల్‌కి ఒక్కో ఆకారం, స్థానిక షాపుల్లో ఉండకపోవచ్చు. సైకిల్‌తోపాటే అదనంగా ఒకటి అడిగి తీసుకుని ఇంట్లో పెట్టుకుంటే, అది వంగిన రోజున వారాల తరబడి ఎదురుచూడక్కరలేదు.

డబ్బు ఎలా పంచాలి

సైకిల్ ధరకు బయట హెల్మెట్, పంపు, ముందూ వెనకా లైట్లు, అదనపు ట్యూబు, తాళం కలిపి 4 నుంచి 6 వేలు అవుతాయి. ఎండాకాలంలో ఎండ ముదరక ముందే ఇంటికి చేరాలంటే చీకట్లోనే బయల్దేరాలి, కాబట్టి లైట్లు తప్పనిసరి. 30 వేలున్నవాళ్ళ అసలు బడ్జెట్ 25 వేలే అని ముందే అనుకోవాలి.

25 వేల దగ్గర అల్యూమినియం ఫ్రేమ్, 7 గేర్లు, ముందు ఒకటో రెండో చైన్‌వీళ్ళు, 28 టైరు పట్టే చోటు, సరైన సైజు దొరికితే సంతోషంగా తీసుకోవచ్చు. గేర్లు తక్కువన్న బాధ ఈ నేల మీద కలగదు. 35 వేల దగ్గర క్యాసెట్ హబ్ అడగాలి, లీవర్ల వెనకే మీటలు ఉండాలి. 45 నుంచి 50 వేల దగ్గర క్లారిస్ స్థాయి 16 గేర్లు, కార్బన్ ఫోర్కు, కొన్నిట్లో డిస్కు, 32 టైరుకు చోటు కూడా ఒకచోట కలుస్తాయి. కొత్తవాళ్ళు ఏళ్ళ తరబడి మార్చకుండా తొక్కగలిగే మెట్టు ఇది. అక్కడినుంచి పైకి పెట్టే ప్రతి పది వేలకూ కాలికి తెలిసే తేడా తగ్గుతూ పోతుంది. 20 వేల లోపు కొత్త రోడ్ సైకిల్ కన్నా అదే డబ్బుకు మంచి హైబ్రిడ్ గానీ, పైన చెప్పిన పరీక్షలు తట్టుకున్న పాత సైకిల్ గానీ నయం.

ఆన్‌లైన్‌లో కొంటే పెట్టెలో సైకిల్ పూర్తిగా బిగించి రాదు. హ్యాండిల్, పెడళ్ళు, ముందు చక్రం బిగించి, గేర్లు, బ్రేకులు సర్దాలి. ఎడమ పెడల్‌కి మర తిరగేసి ఉంటుంది, తెలియకుండా బలవంతంగా బిగిస్తే క్రాంకు పాడవుతుంది. గేర్ల సైకిల్ మీద చెయ్యి తిరిగిన మెకానిక్‌తో ఈ పని చేయించి, నెల తర్వాత మళ్ళీ ఒకసారి చూపించాలి. కొత్త స్పోకులు, కేబుళ్ళు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో సర్దుకుని కాస్త వదులవుతాయి. అప్పుడు బిగిస్తే చక్రం చాలాకాలం బెండు లేకుండా తిరుగుతుంది.